పెద్ద మానిటర్ కొనేముందు టేబుల్ కొలవండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో మానిటర్ల గురించి అడిగినవే ఎక్కువ. పగలు పని, రాత్రి ఆట, రెండింటికీ ఒకటే స్క్రీన్ కావాలి, అదీ పెద్దది కావాలి అన్నది దాదాపు అందరి మాట. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. ఇప్పుడున్నది 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. రాత్రి గంటో గంటన్నరో గేమ్స్ ఆడతాను, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060. "మంచి 32 అంగుళాల మానిటర్‌కి పెట్టే డబ్బుతో 43 అంగుళాల 4కె టీవీ వస్తుంది, అదే కొనుక్కో" అంటున్నాడు మా ఫ్రెండ్. టేబుల్ గోడకు ఆనించి ఉంటుంది, గోడ నుంచి నా వైపు అంచు దాకా వెడల్పు రెండడుగులు. ఏం కొనమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: టీవీ వద్దండి. మీ ప్రశ్నలో అన్నిటికంటే పనికొచ్చే మాట మీరు చివర్లో రాశారు, టేబుల్ వెడల్పు రెండడుగులని. నిర్ణయం మొత్తం దాని మీదే ఉంది. రెండడుగులంటే 60 సెంటీమీటర్లు. స్టాండు అందులో కొంత తినేస్తుంది, మీరు కుర్చీ కాస్త వెనక్కి లాక్కున్నా కంటికీ స్క్రీన్‌కీ మధ్య దూరం 60 సెంటీమీటర్లకు అటూఇటూగానే ఉంటుంది. 43 అంగుళాల స్క్రీన్ అడ్డంగా 95 సెంటీమీటర్లు, ఎత్తు 53. అంత దగ్గర నుంచి ఎడమ చివరున్న ఫైళ్ల లిస్టు, కుడి చివరున్న గడియారం చూడాలంటే కళ్లు తిప్పితే చాలదు, మెడ తిప్పాలి. పై అంచు కంటి మట్టం దాటిపోతుంది కాబట్టి బ్రౌజర్ ట్యాబ్ మార్చిన ప్రతిసారీ గడ్డం పైకెత్తాలి. షాపులో పది నిమిషాలు నిలబడి చూసినప్పుడు ఇది తెలియదు, రోజుకు తొమ్మిది గంటలు కూర్చున్నాక నాలుగో రోజుకి తెలుస్తుంది.

నేను ఇది చేసి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. మూడేళ్ల కిందట మీ ఫ్రెండ్ చెప్పిన లెక్కతోనే ఒక 43 అంగుళాల టీవీ తెచ్చి టేబుల్ మీద పెట్టాను. సినిమా పెడితే అద్భుతం. ఎడిటర్ తెరిచి నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలు చూస్తే మాత్రం తడి చేత్తో తుడిచినట్టు అంచులు అలుక్కుపోయి కనిపించాయి. కొన్న షాపుకి వెళ్తే "అది మీ కంప్యూటర్ ప్రాబ్లం సార్" అని పంపేశారు. అసలు విషయం ఏమిటంటే చాలా టీవీలు రంగుల సమాచారాన్ని కుదించి, నాలుగు పిక్సెళ్లకు (స్క్రీన్ మీది చుక్కలకు) కలిపి ఒకే రంగు వాడతాయి. సినిమాలో అది కంటికి ఆనదు, సన్నటి అక్షరాల్లో వెంటనే దొరికిపోతుంది. టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టు పేరుని 'పీసీ' అని మారిస్తే కొన్ని మోడళ్లలో పూర్తి రంగు వస్తుంది, నాకూ చాలావరకు సర్దుకుంది. మెడనొప్పి మాత్రం సర్దుకోలేదు. రెండు నెలలకి టీవీ హాల్లోకి వెళ్లిపోయింది.

కొనేముందు మీరు ఒక పని చేయండి, పైసా ఖర్చు లేదు. పాత దినపత్రికలు టేపుతో అతికించి 71 సెంటీమీటర్ల అడ్డం, 40 సెంటీమీటర్ల ఎత్తున ఒక ముక్క కత్తిరించండి, అది 32 అంగుళాల స్క్రీన్. ఇంకొకటి 60కి 34, అది 27 అంగుళాలు. మానిటర్ ఉండే చోట ఒకదాని తర్వాత ఒకటి నిలబెట్టి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని నాలుగు మూలలా హెడ్డింగులు చదవండి. ఏ సైజు దగ్గర మెడ కదలడం మొదలైందో మీకే తెలుస్తుంది.

ఇక అక్షరాల క్లారిటీ. సైజు ఒక్కటే చూస్తే మోసపోతాం, ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు పట్టాయన్నది కూడా చూడాలి. మీ పాత 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 92. 32 అంగుళాల క్యూహెచ్‌డీ, అంటే 2560కి 1440 రిజల్యూషన్ తీసుకున్నా సరిగ్గా అదే 92. కోడ్ పెట్టుకునే చోటు బాగా పెరుగుతుంది గానీ అక్షరం నునుపు ఇప్పుడున్నంతే ఉంటుంది. ఇంత డబ్బు పెట్టాక అది చాలామందికి నిరాశ కలిగిస్తుంది. 27 అంగుళాల క్యూహెచ్‌డీలో 109 వస్తాయి, తేడా కంటికి తెలుస్తుంది, విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు పెద్దవి చేసే సెట్టింగ్) ముట్టుకోకుండా 100 శాతంలోనే హాయిగా చదవొచ్చు. 32 అంగుళాల 4కెలో 138. దాన్ని 125కో 150కో స్కేల్ చేసుకోవాలి. 150 పెడితే స్క్రీన్ మీద పట్టే సరుకు క్యూహెచ్‌డీలో పట్టినంతే, అక్షరాలు మాత్రం అచ్చు పుస్తకంలా ఉంటాయి.

మరి గ్రాఫిక్స్ కార్డు సంగతి? క్యూహెచ్‌డీ అంటే సుమారు 37 లక్షల పిక్సెళ్లు, 4కె అంటే 83 లక్షలు, అంటే రెండుంపావు రెట్లు. బరువైన కొత్త గేముల్ని 4కెలో నడపమంటే 3060కి కష్టం. డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ పిక్సెళ్లతో బొమ్మ గీసి కార్డే పెద్దది చేసే సదుపాయం) ఆన్ చేసి, సెట్టింగులు తగ్గించి ఆడొచ్చు, కానీ ఆడిన ప్రతి గేముకీ ఆ కుస్తీ పట్టాలి. క్యూహెచ్‌డీ అయితే ఆ కార్డు చాలా గేముల్ని మర్యాదగా లాగుతుంది.

కాబట్టి ఆ టేబుల్, ఆ కార్డు అలాగే ఉంటే 27 అంగుళాల క్యూహెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) లేదా పైన. 27 అంటే పెద్దదేం కాదు కదా అనిపిస్తుంది, తెలుసు. టేబుల్‌ని గోడ నుంచి అరడుగు ముందుకు జరిపి మానిటర్‌ని గోడకి బిగించగలిగితే, అంటే కంటికి 75, 80 సెంటీమీటర్ల దూరం దొరికితే, అప్పుడు 32 అంగుళాల 4కె కొనండి, గేముల్లో సర్దుబాటు చేసుకోండి. రోజుకి తొమ్మిది గంటలు చదివేది అక్షరాలు, ఆడేది గంటన్నర. ఎక్కువ గంటలు దేనికి పోతున్నాయో దానికే పెద్దపీట వేయాలి.

ప్రశ్న: మాది తెనాలిలో డీటీపీ సెంటర్. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. ఆఫర్‌లో వచ్చిందని 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ తీసుకున్నా. అక్షరాలు పూసలు గుచ్చినట్టు కనిపిస్తున్నాయి, ప్రూఫుల్లో తప్పులు దాటిపోతున్నాయి. ఇది మార్చి 4కె తీసుకుంటే బాగుంటుందా? రాత్రి మా అబ్బాయి అదే సిస్టమ్‌లో గేములు ఆడతాడు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ కళ్ల తప్పు కాదు, కంగారుపడకండి. 32 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ అంటే అంగుళానికి 69 పిక్సెళ్లే. ఇంగ్లిష్ అక్షరాలకి అది ఎలాగో సరిపోతుంది, తెలుగుకి సరిపోదు. ధకీ థకీ తేడా పొట్టలో ఒక్క చుక్క. దకీ ధకీ తేడా కింద చిన్న గీత. స్క్రీన్ మీద చిన్న సైజులో ఆ చుక్కకి దక్కేది ఒక పిక్సెలో, అర పిక్సెలో. అది చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోతే శుభలేఖలో 'ప్రథమ పుత్రిక' కాస్తా 'ప్రధమ పుత్రిక' అయి అచ్చయిపోతుంది, వెయ్యి కార్డులు పంచాక ఎవరో పెద్దాయన చూసి చెబుతారు. వత్తు కింద వత్తు వచ్చే మాటలైతే ఇంకా కష్టం.

అయినా నేను మీకు 4కె చెప్పను. శుభలేఖలంటే మీరు చాలామందిలాగే పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అను తెలుగు ఫాంట్లతో చేస్తుంటారని అనుకుంటున్నా. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, స్క్రీన్ స్కేలింగ్ అన్న మాట ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. 4కె మానిటర్‌లో 150 శాతం పెడితే విండోస్ దాని కిటికీ మొత్తాన్ని ఫొటో సాగదీసినట్టు సాగదీస్తుంది, అక్షరాలు మసకబారతాయి. సాగదీయొద్దని సెట్టింగ్ మారిస్తే మెనూలు, టూల్‌బాక్స్ చీమల్లా అయిపోతాయి. డబ్బులు పోసి 4కె కొని అదే మసక చూడటమెందుకు? 27 అంగుళాల క్యూహెచ్‌డీ తీసుకుని 100 శాతంలోనే వాడండి, సాగదీసే పనే లేదు, ఉన్న పిక్సెళ్లన్నీ అక్షరానికే పోతాయి. రేపు ఇన్‌డిజైన్ లాంటి కొత్త సాఫ్ట్‌వేర్‌కీ యూనికోడ్ ఫాంట్లకీ మారే ఉద్దేశం ఉంటే మాత్రం 27 అంగుళాల 4కె మంచిదే, అంగుళానికి 163 పిక్సెళ్లు వస్తాయి, చుక్క చుక్కలాగే ఉంటుంది.

వంపు తిరిగిన స్క్రీన్ మీకొద్దు. మార్జిన్లు, బోర్డర్లు సరిచూసేవాళ్లకి చదునుగా ఉన్నదే నమ్మకం. ప్యానెల్ ఐపీఎస్ అయి ఉండాలి. మీ కస్టమర్ కుర్చీ వెనక, పక్కన నిలబడి "ఆ ఎరుపు కొంచెం ముదురు చేయండి" అంటారు కదా, వీఏ అనే ఇంకో రకం ప్యానెల్ అయితే పక్క నుంచి ఆయనకి కనిపించే ఎరుపు వేరు, ఎదురుగా మీకు కనిపించే ఎరుపు వేరు. బాబు ఆటలకి 144 హెర్ట్జ్ ఉన్న మోడల్ చూసుకుంటే ఇద్దరి పనీ అయిపోతుంది.

ప్రశ్న: 34 అంగుళాల అల్ట్రావైడ్ మంచిదా, రెండు 24 అంగుళాల మానిటర్లు పక్కపక్కన పెట్టుకోవడం మంచిదా? ఎక్సెల్ ఎక్కువ వాడతాను, వాలరెంట్ ఆడతాను. 32 దాటితే జీఎస్టీ ఎక్కువని విన్నాను.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: జీఎస్టీ మాట పాతది. 32 అంగుళాల లోపు వాటికి 2019 జనవరి నుంచే 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 28 ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్దవీ 18 శాతంలోకి వచ్చేశాయి.

34 అంగుళాలనగానే 32 కన్నా పెద్దదని ఊహించుకోకండి. అల్ట్రావైడ్ ఎత్తు 27 అంగుళాల మానిటర్ ఎత్తే, పక్కలకి సాగి 80 సెంటీమీటర్లు ఉంటుంది. పొడుగాటి ఎక్సెల్ షీట్‌కి ఇంతకంటే సుఖం లేదు, నెలలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఇంత పొడుగు స్క్రీన్‌కి వంపు కూడా అవసరమే. 1500ఆర్ అని రాస్తే ఆ వంపుని మొత్తం చుట్టేస్తే వచ్చే వృత్తానికి వ్యాసార్ధం 1500 మిల్లీమీటర్లని అర్థం, అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. కానీ మీరు ఆడేది వాలరెంట్. అది ఈ పొడుగు స్క్రీన్ నిండా రాదు, రెండు పక్కలా నల్ల పట్టీలు ఉంటాయి. ఆన్‌లైన్ మీటింగులో స్క్రీన్ షేర్ చేస్తే అవతల ల్యాప్‌టాప్ వాళ్లకి అంతా సన్నటి రిబ్బన్‌లా కనిపిస్తుంది, అదొక చికాకు. మీకైతే ఎదురుగా 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఒకటి పెట్టుకుని, పాత 24 ఉంటే పక్కన నిలువుగా తిప్పి పెట్టుకోమంటాను. రెండు 24లు సమానంగా పెడితే మధ్యలో అంచు సరిగ్గా ముక్కుకి ఎదురుగా వస్తుంది, రోజంతా ఏదో ఒక పక్కకి తిరిగే కూర్చోవాలి.

ప్రశ్న: 42 అంగుళాల ఓఎల్‌ఈడీ టీవీని మానిటర్‌గా వాడుతున్న వీడియోలు చూసి మనసు పడ్డాను. టేబుల్ వెడల్పు 90 సెంటీమీటర్లు, కార్డు కూడా పెద్దదే. స్క్రీన్ మీద మచ్చలు పడిపోతాయని భయపెడుతున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆటలకి ఓఎల్‌ఈడీని మించింది ఇప్పటికి లేదు. ప్రతి పిక్సెల్ తన వెలుగు తానే ఇస్తుంది, నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది, చీకటి గుహలో కాగడా వెలిగితే గుహ గుహలాగే ఉంటుంది. మామూలు ఐపీఎస్‌లో వెలుగుకీ నలుపుకీ తేడా వెయ్యి రెట్లు, వీఏలో మూడు వేల రెట్లు. ఓఎల్‌ఈడీకి ఆ లెక్కే వర్తించదు. బొమ్మ మారే వేగం కూడా మిగతావాటికి అందనిది. మీకు దూరమూ ఉంది, కార్డూ ఉంది. 42లో 4కె అంటే అంగుళానికి 105, అదీ బాగానే ఉంది.

భయం కూడా నిజమే. కదలకుండా ఒకే బొమ్మ గంటలకొద్దీ ఉంటే అక్కడి పిక్సెళ్లు ముందు అరిగి నీడ మిగిలిపోతుంది. టీవీలో ఆ ప్రమాదం తక్కువ, కంప్యూటర్‌లో కింద టాస్క్‌బార్, పైన ట్యాబులు, పగలంతా కదలవు. టాస్క్‌బార్ దానంతట అదే దాక్కునేలా పెట్టండి, వాల్‌పేపర్ నల్లగా ఉంచండి, అయిదు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆరిపోయేలా చేయండి, పనప్పుడు వెలుగు తగ్గించండి. రాత్రి పడుకునేముందు మెయిన్ స్విచ్ కట్టేసే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది, ఓఎల్‌ఈడీతో అది వద్దు. ఆఫ్ చేశాక స్టాండ్‌బైలో ఉన్నప్పుడే అది పిక్సెళ్లని సరిచేసుకునే పని పెట్టుకుంటుంది, కరెంటు తీసేస్తే ఆ పని ఆగిపోతుంది.

ఇంకో రెండు విషయాలు. వీటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల అమరిక మామూలు ప్యానెల్‌లా ఉండదు, విండోస్ అక్షరాలు దిద్దే పద్ధతి మామూలు అమరికను నమ్ముకుని తయారైంది, అందుకే అక్షరాల అంచున సన్నగా రంగు పట్టీ తేలుతుంది. కొందరికి వారంలో అలవాటైపోతుంది, కొందరికి ఎప్పటికీ కాదు, మీరు ఏ రకమో కొనకముందే చూసుకోవాలి. ఇక స్క్రీన్ నిండా తెల్లటి పేజీ తెరిస్తే దానంతట అదే వెలుగు తగ్గించేసుకుంటుంది, కిటికీ ఎదురుగా ఉన్న గదిలో మధ్యాహ్నం పూట అది బాధే. మీరు పగలంతా డాక్యుమెంట్ల మీద పనిచేసేవారైతే నేను వద్దనే అంటాను. పని ల్యాప్‌టాప్‌లో, ఆటలు, సినిమాలు దీనిలో అంటే నిశ్చింతగా కొనుక్కోండి.

ప్రశ్న: 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను, పాత 60 హెర్ట్జ్‌కీ దీనికీ ఏం తేడా తెలియట్లేదు. మోసపోయానా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: ముందు సెట్టింగ్ చూడు బాబూ. విండోస్ చాలాసార్లు కొత్త మానిటర్‌ని కూడా 60 దగ్గరే ఉంచేస్తుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే, అక్కడ రిఫ్రెష్ రేట్ అని ఉంటుంది, 165 ఎంచుకో. లిస్టులో ఆ అంకే లేకపోతే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. పాత మానిటర్ తాలూకు హెచ్‌డీఎంఐ తీగే గుచ్చి ఉంటావు, డబ్బాలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తీసి వాడు. ఆ కేబుల్‌ని సీపీయూ వెనక గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చావా, పైన మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చావా అన్నది కూడా వంగి చూడు. మదర్‌బోర్డుకి గుచ్చితే కొన్న కార్డు పక్కన ఊరికే కూర్చుంటుంది, ఇలా నెలల తరబడి ఆడినవాళ్లు నాకు తెలుసు.

అవన్నీ సరిగ్గా ఉంటే మౌస్ పట్టుకుని డెస్క్‌టాప్ మీద గుండ్రంగా తిప్పు. 60లో బాణం గుర్తు ముక్కలు ముక్కలుగా గెంతుతుంది, 165లో జారుతున్నట్టు పోతుంది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడితే 165లో 6 మిల్లీసెకన్లే. గేములో కార్డు సెకనుకి 50 ఫ్రేములే ఇస్తుంటే మానిటర్ ఎంతదైనా నీకు కనిపించేది ఆ 50 మాత్రమే, సెట్టింగులు తగ్గించి చూడు. ఫ్రీసింక్ లేదా జీసింక్ కూడా ఆన్ చేసుకో, ఫ్రేములు ఎక్కువతక్కువైనప్పుడు బొమ్మ మధ్యలో చీలినట్టు కనిపించదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొనాలా, హైదరాబాద్ వెళ్లి కొనాలా? డబ్బా మీద హెచ్‌డీఆర్, ఒక మిల్లీసెకను అని రాసేవన్నీ నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ధర ఆన్‌లైన్‌లో చూసుకోండి, కానీ ఒక్కసారైనా కళ్లతో చూసి కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అక్కడ షాపులవాళ్లని అడిగితే ఆన్ చేసి చూపిస్తారు. వెళ్లేటప్పుడు మీరు రోజూ చదివే తెలుగు పేజీ ఒకటి, మీ షీట్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి తెరిపించండి. వాళ్లు వేసే డెమో వీడియోలో అన్ని మానిటర్లూ బాగుంటాయి.

హెచ్‌డీఆర్ అంటే వెలుగుకీ చీకటికీ తేడాని బాగా చూపించే బొమ్మ. హెచ్‌డీఆర్ 400 అన్న స్టిక్కర్‌కి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ ముద్రకి స్క్రీన్‌ని భాగాలుగా వెలిగించి ఆర్పే ఏర్పాటు ఉండాలన్న షరతే లేదు, మామూలు ఎల్‌సీడీ మానిటర్లలో అది లేకుండా అసలైన హెచ్‌డీఆర్ ప్రభావం కనిపించదు. ఒక మిల్లీసెకను (పిక్సెల్ రంగు మార్చుకునే సమయం) అన్నది కూడా కంపెనీ తనకు అనువైన పద్ధతిలో కొలుచుకున్న అంకె. ముఖ్యంగా వీఏ ప్యానెళ్లలో చీకటి సన్నివేశాలు కదిలినప్పుడు వెనక నల్లటి తోక ఈడ్చుకుంటూ పోతుంది, దాన్ని ఆ అంకె చెప్పదు. షాపులో నల్లటి పేజీని వేగంగా కిందికీ పైకీ జరిపి చూస్తే తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లోనే కొంటే డబ్బా విప్పేటప్పుడు సీలు దగ్గర నుంచి వీడియో తీయండి. ఆన్ చేయగానే స్క్రీన్ నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటిగా వేసి, ప్రతి రంగులోనూ వేలితో గీత గీసినట్టు వరసగా చూసుకుంటూ పోండి. ఎక్కడైనా మారని చుక్క కనిపిస్తే రిటర్న్ గడువులోపే పంపేయండి. ఆ గడువు దాటితే వారంటీ కిందకి వస్తుంది, వారంటీలో చాలా కంపెనీలు ఒకటి రెండు చుక్కల్ని లోపంగా లెక్కేయవు. డబ్బా, థర్మాకోల్ ఆ గడువు ముగిసేదాకా అటక మీద పెట్టి ఉంచండి.